ముందు ఓవర్‌హాల్, తర్వాతే ట్యూబు



మన గ్రూపులో పదిరోజులుగా ఒకటే చర్చ నడుస్తోంది. ముగ్గురు సభ్యులు ఇళ్ళల్లో ఉన్న పాత స్టీరియో ఆంప్లిఫయర్లను తీసేసి, కొత్త ట్యూబు ఆంప్లిఫయర్లు కొన్నారు. ఫొటోలు పెట్టారు. చీకటి గదిలో నారింజరంగు వెలుగు, పక్కన కాఫీ గ్లాసు. చూడటానికి ఎంతో బాగుంది. అది చూసి ఇంకో నలుగురికి మనసు లాగింది. ఇప్పుడు కమిటీ దాకా వచ్చింది. మన హాలులో ఉన్న రెండు పాత ఆంప్లిఫయర్లను కూడా తీసేసి, సభ్యులు తలా కొంత వేసుకుని ఒక మంచి ట్యూబు ఆంప్ కొందామని ప్రతిపాదన.

"అన్నగారూ, మీరేమంటారు?" అని ముగ్గురు ఫోన్ చేశారు. ముగ్గురికీ మూడుసార్లు చెప్పే బదులు అందరికీ ఒకసారి రాస్తున్నాను. నా రాతలు పొడుగని మీకు తెలుసు. తీరిక ఉన్నప్పుడే చదవండి.

నా మాట ముందే చెప్పేస్తాను. హాలుకు ట్యూబు ఆంప్ వద్దు. ఇంటికి కావాలనుకుంటే కొనుక్కోండి, తప్పేం లేదు. కాని మీ పాత ఆంప్లిఫయర్‌ను ఒకసారి పూర్తిగా బాగుచేయించి, వారం రోజులు విని, ఆ తర్వాత నిర్ణయించండి. ఏం నిర్ణయించినా పాతదాన్ని మాత్రం తూకానికి వేయకండి.

ఎందుకో వరసగా చెప్తాను.

ఇది నాకెందుకు ముఖ్యమో మొదట చెప్పాలి. నేను చదివింది తమిళ మీడియం. బడిలో తెలుగు అక్షరం చూడలేదు. మనలో చాలామంది కథ ఇదే. ఇంట్లో అమ్మ మాట్లాడే తెలుగు ఒకటి, మద్రాసు రేడియోలో వచ్చే తెలుగు కార్యక్రమాలు ఒకటి, రికార్డుల మీద వినే పాటలు ఒకటి. నాకు ఈ మూడే తెలుగు బడి. అక్షరాలు నేర్చుకున్నది సినిమా పాటల పుస్తకాల్లో. పాట ముందే నోటికి వచ్చు కాబట్టి ఏ అక్షరం ఏ శబ్దమో పోల్చుకునేవాణ్ణి. ళ, ల తేడా, శ, ష, స తేడా నాకు చెప్పిన పంతులు ఘంటసాలగారే. కాబట్టి ఆంప్లిఫయర్ అంటే నాకు హాబీ వస్తువు కాదు. మా తెలుగు వాచకం. అందుకే దాన్ని మార్చే ముందు రెండుసార్లు ఆలోచించమంటున్నాను.

ఇప్పుడు అసలు విషయం. ఈ చర్చలో ఒక తమాషా ఉంది, గమనించారా? మనం పాతదంటున్నది ట్రాన్సిస్టర్ ఆంప్‌ను. కొత్తదంటున్నది ట్యూబును. చరిత్ర చూస్తే తలకిందులు. మూడు కాళ్ళ ట్యూబు, అంటే శబ్దాన్ని పెంచగలిగిన వాల్వు, 1906 నాటిది. ట్రాన్సిస్టర్ పుట్టింది 1947 డిసెంబరులో, అమెరికాలో బెల్ లాబ్స్‌లో. దాన్ని కనిపెట్టిన ముగ్గురికి 1956లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మన చిన్నప్పుడు ఇంట్లో ఉన్న పెద్ద రేడియో వాల్వు రేడియో. స్విచ్చి వేస్తే వేడెక్కడానికి అర నిమిషం పట్టేది. బెంగళూరులో మన బీఈఎల్ వాళ్ళే ఆ వాల్వులు తయారుచేసేవారు. ఈఎల్ 84 అనే వాల్వు ఎన్ని రేడియోల్లో పాడిందో లెక్కలేదు. తర్వాత ట్రాన్సిస్టర్ వచ్చింది, వేడి పోయింది, బరువు తగ్గింది, కరెంటు తగ్గింది, అందరూ వాల్వు సెట్లు తీసి అటక మీద పెట్టారు.

వాల్వు పూర్తిగా చావలేదు. గిటారు వాయించేవాళ్ళు దాన్ని వదల్లేదు. రష్యా, స్లొవేకియా, చైనాల్లో ఫ్యాక్టరీలు నడుస్తూనే ఉన్నాయి. ఇవాళ మీరు కొనే "మోడర్న్ ట్యూబు ఆంప్" అక్కడి వాల్వులతో తయారైనదే. అంటే మన అమ్మానాన్నలు వాల్వు తీసేసి ట్రాన్సిస్టర్ పెట్టుకున్నారు, మనం ట్రాన్సిస్టర్ తీసేసి వాల్వు పెట్టుకుంటున్నాం. మన పిల్లలు ఏం చేస్తారో వాళ్ళిష్టం.

మన మద్రాసులో ఆ ట్రాన్సిస్టర్ స్టీరియోలు ఎలా వచ్చాయో ఇప్పటి పిల్లలకు తెలియదు. మూడు దారులు. ఒకటి, బీచ్ స్టేషన్ ఎదురుగా బర్మా బజార్. ఓడల్లో వచ్చిన జపాను సామాను, గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళు అమ్మిన సామాను అక్కడ దొరికేది. సాన్సుయి, పయనీర్, అకాయి పేర్లు అక్కడే మొదట చదివాను. రెండు, మన దేశంలో తయారైనవి. బొంబాయి కాస్మిక్, కలకత్తా సోనోడైన్. నేను కొన్నాళ్ళు పార్సిల్ ఆఫీసులో పనిచేశాను. హౌరా మెయిల్‌లో వచ్చిన అట్టపెట్టెల మీద "పైకి ఇటు" అనే బాణం గుర్తు చూసి లోపల ఏముందో చెప్పేవాళ్ళం. అలాంటి పెట్టె తీసుకోవడానికి ఆ ఇంటి యజమాని తానే వచ్చేవాడు, కూలీని ముట్టుకోనిచ్చేవాడు కాదు. మూడు, రిచ్చి స్ట్రీట్‌లో కట్టించుకున్నవి. 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు, తర్వాత సాన్యో వాళ్ళ ఎస్‌టీకే ఐసీలు కొని, మెకానిక్ చేత అసెంబుల్ చేయించుకుని, చెక్క క్యాబినెట్‌లో పెట్టించేవారు. జీతం నుంచి నెలనెలా కొంత పక్కన పెడితే ఏడాదికి ఒక సెట్టు తయారయ్యేది.

రికార్డులకు మూర్ మార్కెట్. 1985లో కాలిపోయింది. ఆ స్థలంలోనే ఇప్పుడు సెంట్రల్ పక్కన సబర్బన్ స్టేషన్ ఉంది. రైల్వేవాళ్ళం ఇప్పటికీ దాన్ని మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అనే అంటాం. గుమ్మిడిపూండి లోకల్ ఎక్కడానికి పరుగెత్తేవాళ్ళలో ఎంతమందికి తెలుసు, అక్కడ ఒకప్పుడు పాత తెలుగు రికార్డులు గుట్టలుగా ఉండేవని?

సరే, ఆ సెట్లు ఇప్పుడు ఎందుకు బాగా పాడటం లేదు? ఇక్కడే నా అసలు వాదన.

ట్యూబు కొన్న సభ్యుడొకరు రాశారు: "పాత ఆంప్‌లో గొంతు గరగర, ఒక పక్క వినిపించదు, బుయ్యిమని మోత. ట్యూబు పెట్టగానే గొంతు తేటగా ఉంది. ట్రాన్సిస్టర్ కంటే ట్యూబు గొప్పదని రుజువైంది." ఆయన విన్నది నిజం. తేల్చిన తీర్పు సరికాదు.

రైల్వేలో పీఓహెచ్ అని ఒక మాట ఉంది. పీరియాడికల్ ఓవర్‌హాల్. బోగీ ఎంత మంచిదైనా సరే, ఇన్ని నెలలకు ఒకసారి పెరంబూరు వర్క్‌షాపుకు వెళ్ళాల్సిందే. విప్పాల్సిందే. అరిగిన భాగాలు మార్చాల్సిందే. తర్వాతే మళ్ళీ లైను మీదికి. నలభై ఏళ్ళుగా ఒక్కసారి కూడా పీఓహెచ్ చేయని బోగీని, నిన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బోగీ పక్కన పెట్టి "చూశారా, పాత డిజైను ఎంత కుదుపో" అంటే ఏ రైల్వేవాడూ ఒప్పుకోడు. అది డిజైను కుదుపు కాదు, సర్వీసు లేని కుదుపు.

పాత ఆంప్‌లో ఏం పాడవుతుందో చెప్తాను. నేను ఇంజనీరును కాను. రిచ్చి స్ట్రీట్‌లో మెకానిక్ పక్కన స్టూలు మీద కూర్చుని, ఇరవై ఏళ్ళుగా అడిగి తెలుసుకున్నది మాత్రమే.

మొదటిది కండెన్సర్లు. పెద్ద గొట్టాల్లా ఉండే ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లలో తడి రసాయనం ఉంటుంది. వేడికి, వయసుకు అది ఎండిపోతుంది. ఎండితే కరెంటులోని అలను అది ఆపలేదు. మన కరెంటు 50 సైకిల్స్, రెక్టిఫయర్ దాటాక 100 సైకిల్స్ అవుతుంది. మీకు వినిపించే ఆ బుయ్యి మోత అదే. మా మెకానిక్ ఒకసారి ఒక సెట్టు విప్పి తమిళంలో అన్నాడు: "సెట్టు సాగలె సార్, కాంజు పోచ్చు." సెట్టు చావలేదు, ఎండిపోయిందంతే. ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. మార్చాల్సిన కండెన్సర్ల ఖర్చు కొత్త ట్యూబు ఆంప్ ధరలో ఒక మూలకు కూడా రాదు.

రెండోది వాల్యూమ్ కంట్రోలు, స్విచ్చులు, రిలే. దుమ్ము, సముద్రపు గాలి తేమ. మన ఊళ్ళో ఇత్తడి చెంబే వారానికి నల్లబడుతుంది, రిలే కాంటాక్టు నల్లబడదా? ఒక పక్క స్పీకరు ఆగి ఆగి పాడటానికి చాలాసార్లు కారణం ఇదే. శుభ్రం చేస్తే పోతుంది, మరీ అరిగితే మార్చాలి.

మూడోది ఎక్కువమందికి తెలియనిది. బయాస్. ట్రాన్సిస్టర్ ఆంప్‌లో శబ్దపు అలలో పైసగాన్ని ఒక ట్రాన్సిస్టర్, కిందిసగాన్ని ఇంకో ట్రాన్సిస్టర్ మోస్తాయి. ఇద్దరు హమాలీలు ఒకే పెట్టెను చేయి మార్చుకున్నట్టు. చేయి మారే క్షణంలో ఇద్దరి చేతులూ పెట్టె మీద ఉండాలి. అందుకే కొంచెం కరెంటు ఎప్పుడూ పారేలా లోపల ఒక చిన్న ప్రీసెట్‌తో అమరుస్తారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ అమరిక జారిపోతుంది. అప్పుడు పెట్టె చేయి మారేటప్పుడు ఒక కుదుపు. గరగర. ఈ గరగర పెద్ద శబ్దంలో కంటే చిన్న శబ్దంలోనే ఎక్కువ తెలుస్తుంది. రాత్రిపూట తక్కువ వాల్యూమ్‌లో లీలగారి పాట పెట్టుకుంటే గొంతు గీసుకుపోయినట్టు ఉండేది దీనివల్లే. తెలిసిన మెకానిక్‌కు మీటరు పెట్టి ప్రీసెట్ సరిచేయడానికి పావుగంట పని.

ఈ మూడూ చేయించిన తర్వాత వినండి. అప్పుడు పందెం సమానం.

ఇక ట్యూబు తీపి సంగతి. ఆ తీపి అబద్ధం కాదు. దాన్ని మన సంగీతం భాషలో చెప్తాను. ఏ ఆంప్లిఫయరైనా తనకు ఇచ్చిన స్వరానికి తనవి కొన్ని స్వరాలు కలుపుతుంది. ఎంత కలుపుతుంది, ఏవి కలుపుతుంది అన్నదే తేడా. మామూలు చిన్న ట్యూబు ఆంప్ ఎక్కువగా కలిపేది రెండో హార్మోనిక్. మీరు సా పాడితే దానికి పై సా. మూడోది కలిపితే ఆ పైనున్న పా. సా, పా అంటే మనకు తంబూరా శ్రుతి. అందుకే చెవికి ఇంపు. గొంతు నిండుగా, దగ్గరగా ఉన్నట్టు తోస్తుంది. ట్రాన్సిస్టర్ ఆంప్ సరిగ్గా ఉంటే ఇలాంటివి చాలా తక్కువ కలుపుతుంది. కాని శక్తికి మించి వాల్యూమ్ పెంచితే అల కొసలు కత్తిరించినట్టు తెగిపోతాయి. అప్పుడు శ్రుతికి కుదరని పై స్వరాలు చాలా పుడతాయి, చెవి గుచ్చుకుంటుంది. ట్యూబు కూడా తెగుతుంది కాని నెమ్మదిగా, గుండ్రంగా తెగుతుంది.

అయితే నా ప్రశ్న ఒకటే. మనం వినేది ఏమిటి? మనలో ఎక్కువమంది వినేది యాభైల, అరవైల పాటలు. మాయాబజార్ 1957. ఆ రోజుల్లో వడపళని స్టూడియోల్లో మైకు దగ్గర నుంచి రికార్డింగు యంత్రం దాకా అంతా వాల్వులే. వేరే దారి లేదు. ఘంటసాలగారి గొంతు ఆ వాల్వుల గుండా వెళ్ళే రికార్డు మీదికి చేరింది. ఆ తీపి పాటలో అప్పుడే కలిసిపోయింది. మళ్ళీ ఇంట్లో ఇంకో ట్యూబు పెట్టడం పాయసంలో ఇంకోసారి బెల్లం వేయడమే. కొందరికి ఇష్టం ఉండొచ్చు. కాని అలా వేస్తేనే అసలైన పాయసం అనకండి. వాళ్ళు కలిపింది కలిపినట్టు, ఎక్కువ తక్కువ లేకుండా మన ముందు పెట్టడమే ఆంప్లిఫయర్ ఉద్యోగం. పార్సిల్ క్లర్కు ఉద్యోగం లాంటిది. పెట్టె ఎలా వచ్చిందో అలా అప్పగించాలి. లోపల మంచి వస్తువు చేర్చినా సరే, చేర్చకూడదు.

"చెవికి తెలిసే తేడాను మీరు కాదనగలరా?" అని అడుగుతారు. కాదనను. కాని ఆ తేడా గాజు గొట్టంలోనే ఉందన్నది అనుమానమే. 1985లో అమెరికాలో బాబ్ కార్వర్ అనే డిజైనర్ ఒక పందెం వేశాడు. స్టీరియోఫైల్ పత్రికవాళ్ళు ఏ ఆంప్‌ను గొప్పదంటే, తన ట్రాన్సిస్టర్ ఆంప్‌ను దానిలాగే పాడేలా మారుస్తానన్నాడు. వాళ్ళు చాలా ఖరీదైన ట్యూబు ఆంప్‌ను ముందు పెట్టారు. అతను హోటలు గదిలో కూర్చుని కొద్దిరోజుల్లో తన ఆంప్‌ను సరిచేశాడు. వాళ్ళు విని తేడా చెప్పలేకపోయారు. ట్యూబు రుచి కావాలంటే ట్యూబే అక్కర్లేదని దాని అర్థం.

ఇంట్లో మీరు కూడా ఒక పరీక్ష చేయవచ్చు. రెండు ఆంప్‌లనూ ఒకే వాల్యూమ్‌కు సరిచేయండి, ఫోనులో శబ్దం కొలిచే యాప్ చాలు. కొంచెం ఎక్కువ పాడేదే మంచిదని చెవి ఎప్పుడూ మోసపోతుంది. తర్వాత మనవణ్ణి తెర వెనక కూర్చోబెట్టి మార్చమనండి. మీరు కళ్ళతో చూడకుండా చెప్పగలిగితే, ఆ ట్యూబు మీదే. సంతోషంగా కొనుక్కోండి.

ఇప్పుడు కొనేముందు తెలియాల్సిన లెక్కలు. అమ్మేవాళ్ళు ఇవి చెప్పరు.

పవరు. 300బి అనే పేరున్న ట్యూబు ఒక్కోటి పెట్టి కట్టిన ఆంప్ పక్కకు ఎనిమిది వాట్లు ఇస్తుంది. ఈఎల్ 84 జతలు పెట్టినది పదిహేను, ఈఎల్ 34 జతలు పెట్టినది ముప్పై అయిదు ప్రాంతం. ఇది చాలా? మీ స్పీకరును అడగాలి. స్పీకరు వెనక సెన్సిటివిటీ అని డెసిబెల్‌లో రాసి ఉంటుంది. ఇవాళ్టి చిన్న స్పీకర్లు 86 ప్రాంతం. పెద్ద కాగితపు కోను ఉన్న పాత స్పీకర్లు కొన్ని 96 దాకా ఉంటాయి. మూడు డెసిబెల్ తేడా అంటే రెండింతల పవరు, పది డెసిబెల్ తేడా అంటే పదింతలు. 96 స్పీకరుకు ఎనిమిది వాట్లు చేసే పని, 86 స్పీకరుకు ఎనభై వాట్లు చేయాలి. చిన్న స్పీకరుకు చిన్న ట్యూబు ఆంప్ తగిలిస్తే పేషెంటు కూర్చుని పాడినట్టు ఉంటుంది.

కరెంటు, వేడి. నాలుగు ఈఎల్ 34 ఉన్న ఆంప్ పాట ఉన్నా లేకపోయినా నూట యాభై వాట్లకు తక్కువ తాగదు. రోజుకు నాలుగు గంటలంటే రెండు నెలల బిల్లులో 36 యూనిట్లు. ఆ యూనిట్లన్నీ పాటకే పోయాయి. ఆ వేడి ఎక్కడికి పోతుంది? మీ గదిలోకే. కత్తిరి ఎండల్లో, మే నెలలో, మద్రాసులో, గదిలో ఇంకో కుంపటి. ఊటీలో ఉంటే నేనే కొనమనేవాణ్ణి.

వోల్టేజి. చైనా ఆంప్‌లు చాలావరకు 220 వోల్టులకు చేసినవి. మన ఇళ్ళల్లో కొన్నిచోట్ల, కొన్ని వేళల్లో 245 వస్తుంది. ట్యూబు ఫిలమెంటుకు 6.3 వోల్టులు వెళ్ళాల్సిన చోట ఏడు వెళ్తాయి. పది శాతం పైన ఎక్కువ. ట్యూబు ఆయుష్షు అక్కడే తరుగుతుంది. కొనేవాళ్ళు 230 లేక 240 ట్యాపింగు ఉందా అని అడిగి మరీ కొనండి.

ఆయుష్షు. పవరు ట్యూబులు రెండు వేల నుంచి అయిదు వేల గంటలు. రోజుకు నాలుగు గంటలైతే ఏడాదిన్నర నుంచి మూడున్నరేళ్ళు. తర్వాత కొత్త సెట్టు కొనాలి, అదీ జత కలిసినవి. పెన్షనర్లం, ఈ లెక్క వేసుకోవాలి.

ప్రమాదం. ఇది అన్నిటికంటే ముఖ్యం. ట్యూబు ఆంప్ లోపల మూడు వందల, నాలుగు వందల వోల్టుల డీసీ ఉంటుంది. స్విచ్చి తీసినా కండెన్సర్లలో కొంతసేపు నిలిచే ఉంటుంది. పైన గాజు గొట్టాలు చేయి కాలేంత వేడి. మనవలు తిరిగే ఇంట్లో జాలీ మూత లేకుండా పెట్టకండి. ఫొటోకు బాగుంటుందని మూత తీసి వదిలేయకండి.

ఇంకో మాట. ఆన్‌లైన్‌లో కొన్ని వేలకే "ట్యూబు ఆంప్" అని చిన్న డబ్బాలు వస్తున్నాయి. అందులో పాడేది ఐసీ. ముందు చిన్న ట్యూబు ఒకటో రెండో పేరుకు ఉంటాయి, వాటి కింద నారింజరంగు ఎల్‌ఈడీ వెలుగుతుంది. నిజమైన ఫిలమెంటు వెలుగు అంత ఎక్కువ ఉండదు. ఎల్‌ఈడీ వెలుగు కోసమైతే వినాయక చవితి సీరియల్ లైటు చాలు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని నిజమైన ట్యూబు ఆంప్ చాలా అరుదు, కాబట్టి డబ్బా ఎత్తి చూడండి. చేతికి బరువు తగలకపోతే అనుమానించండి.

ఇంత చెప్పానని ట్యూబుకు నేను శత్రువునని అనుకోవద్దు. పెరంబూరు లోకో వర్క్స్‌లో బాగుచేసి నిలబెట్టిన ఈఐఆర్ 21 అనే ఆవిరి ఇంజను ఉంది. 1855 నాటిది. అది పట్టాల మీద కదిలిన రోజు మాలో కళ్ళు తడవనివాడు లేడు. ట్యూబు వెలుగు చూస్తూ కూర్చోవడంలో అలాంటి ఆనందమే ఉంది, దానికి డబ్బు పెట్టడం నేరం కాదు. చిన్న గది, సెన్సిటివిటీ ఎక్కువున్న స్పీకర్లు, రోజుకు గంట సేపు నిదానంగా వినే అలవాటు, దగ్గర్లో తెలిసిన మెకానిక్ ఉంటే ట్యూబు మీకు సుఖం ఇస్తుంది. కాని హౌరా మెయిల్‌ను ఆవిరి ఇంజనుతో రోజూ లాగించం కదా.

ఇప్పుడు హాలు సంగతి.

మన పాతపాటల సాయంత్రానికి అరవైమంది వస్తారు. ఆరు ఫ్యాన్లు తిరుగుతుంటాయి. వెనక వరసలో పెద్దవాళ్ళు, చెవులు కొంచెం తగ్గినవాళ్ళు. ఎనిమిది, పది వాట్లు ముందు రెండు వరసలకే చాలవు. అరవైమందికి చాలే ట్యూబు ఆంప్ కొనాలంటే మన నిధి మొత్తం దానికే పోతుంది. మెడికల్ క్యాంపు, పిల్లల తెలుగు తరగతి ఏం కావాలి? పిల్లలు పరుగెత్తే హాలులో నాలుగు వందల వోల్టుల పెట్టె పెట్టడం నాకు ఇష్టం లేదు.

హాలులో ఉన్న ఆ రెండు ఆంప్‌లు ఎవరివో కొత్త సభ్యులకు తెలియదు. రెండూ మనల్ని విడిచి వెళ్ళిన ఇద్దరు పెద్దల ఇళ్ళ నుంచి వచ్చినవి. ఒకాయన భార్య, మనందరికీ పిన్నిగారు, ఉగాదికి వస్తే మొదట అడిగేది ఒకటే: "మీ బాబాయి సెట్టు ఇంకా పాడుతోందా నాయనా?" ఇప్పుడు ఒక పక్కే పాడుతోంది. వచ్చే ఉగాదికి ఆవిడకు "అమ్మేశాం పిన్నీ" అని చెప్పే ధైర్యం కమిటీలో ఎవరికుందో చేయెత్తండి.

ఇంకో నష్టం కూడా ఉంది. రిచ్చి స్ట్రీట్‌లో ఇప్పుడు సీసీ కెమెరాలు, ల్యాప్‌టాప్‌లు, మొబైళ్ళు. పాత ఆంప్ విప్పి, సర్క్యూట్ కాగితం లేకుండా తప్పు పట్టే మెకానిక్‌లు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. వాళ్ళకు వయసు నా అంత. పని రాకపోతే కొట్టు మూస్తారు. కొడుకులు నేర్చుకోరు. అప్పుడు మీ కొత్త ట్యూబు ఆంప్ రెండేళ్ళకు ఆగిపోతే ఎవరి దగ్గరికి తీసుకెళ్తారు? ట్రాన్సిస్టర్ బాగుచేసే చేయే ట్యూబునూ బాగుచేయాలి. ఆ చేతికి ఇవాళ పని ఇస్తేనే రేపు మనకు ఉంటుంది.

కాబట్టి కమిటీ పెద్దలకు నా ప్రతిపాదన ఇది.

1. రెండు ఆంప్‌లనూ ఒకదాని తర్వాత ఒకటి ఓవర్‌హాల్‌కు పంపుదాం. కండెన్సర్లు, కంట్రోళ్ళు, రిలే, బయాస్. విప్పి చూసిన తర్వాత మెకానిక్ రాసిచ్చిన ఎస్టిమేటును గ్రూపులో పెడదాం.

2. మిగిలిన డబ్బులో ముందు రికార్డ్ ప్లేయరుకు కొత్త సూది. అరిగిన సూదితో ఏ ఆంప్ పెట్టినా గరగరే, పైగా రికార్డు గాడి కూడా పాడవుతుంది. తర్వాత స్పీకర్ల కోను అంచులు చూపిద్దాం.

3. ఓవర్‌హాల్ అయ్యాక ఒక ఆదివారం, ట్యూబు కొన్న మన సభ్యులు తమ ఆంప్ తెస్తే, తెర కట్టి, వాల్యూమ్ సమానం చేసి, అదే పాట రెండింటిలో విందాం. చీటీలు వేద్దాం. ఏది గెలిచినా నాకు సమ్మతం.

4. ఇంట్లో పాత ఆంప్, డెక్కు, టర్న్‌టేబుల్ వద్దనుకునేవాళ్ళు పాత సామాన్లవాడికి ఇవ్వకుండా ముందు గ్రూపులో ఒక మాట చెప్పండి. అందులో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్, పాత ట్రాన్సిస్టర్లు ఇంకో సెట్టుకు ప్రాణం పోయొచ్చు. తీసుకెళ్ళడానికి ఆటో చార్జీ నేను ఇస్తాను.

ట్యూబు కొన్న ముగ్గురు సోదరులూ, కోపం పెట్టుకోకండి. మీ ఆంప్ వినడానికి నన్ను పిలవండి, తప్పకుండా వస్తాను. ఒక్కటే అడుగుతున్నాను: మీరు తీసేసిన పాత సెట్లు ఎక్కడున్నాయి? అమ్మేయకపోతే ఈ వారమే చెప్పండి. నేను మంగళవారం రిచ్చి స్ట్రీట్‌కు వెళ్తున్నాను.